నల్ల దువ్వెనకు పసుపు

మా ల్యాబ్‌లో నేను మీటర్లతో మాట్లాడతానని అందరికీ తెలుసు. మాట్లాడటమని మర్యాదకు అంటారు గానీ, నిజానికి తిడతాను. ఖమ్మంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. పిల్లలు ప్రయోగాలు చేస్తారు, సార్లు పేపర్లు రాస్తారు, నేను వైర్లు చుట్టి పెడతాను, కాలిన ఫ్యూజులు మారుస్తాను, ఊడిన క్లిప్పులు అతికిస్తాను. నాది అని చెప్పుకోవడానికి ఒక్క ప్రయోగమూ ఉండేది కాదు. అది దొరికిన ఏడు ఎంత సంబరపడ్డానంటే, ఇంట్లో అప్పడాల కర్రను కూడా ల్యాబ్‌కు పట్టుకుపోయాను.

ఆ ప్రయోగం ఒక ప్లాస్టిక్ పట్టీ. పల్చగా, చేత్తో చుడితే చుట్టుకునేలా, రెండు మూరల పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. దాని మీద కరెంటు పారే నల్ల ఇంకుతో రెండు దువ్వెనలు అచ్చు వేయించాను. ఒకదాని పళ్ల సందుల్లోకి రెండోదాని పళ్లు దూరి ఉంటాయి, కానీ ఎక్కడా ఒకదాన్నొకటి తాకవు. చుట్టూ పొడిగా ఉంటే కరెంటు ఒక దువ్వెన నుంచి రెండోదానికి దాటలేదు, మీటర్‌లో అంకె రాదు. తడి చేరితే ఆ తడి మీదుగా దాటుతుంది, అంకె వస్తుంది. అంకె వస్తే తడి, రాకపోతే పొడి. ఇంతకన్నా అందులో పెద్ద శాస్త్రమేమీ లేదు.

అది ఎవరికంటే, పర్ణశాల దాటి అడవిలోకి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్లకు. కిందటేడు కాలేజీ క్యాంపుతో వెళ్లినప్పుడు, వాళ్ల సంఘం గదిలో ఎండు పువ్వు బస్తాలు విప్పుతుంటే చూశాను. ఎండాకాలం మొదట్లో కుట్టిన బస్తాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వానలు తగ్గాక గానీ విప్పరట. రెండు బస్తాల్లో పై పువ్వు ఎర్రగా, చక్కగా ఉంది. చెయ్యి లోపలికి పెడితే అడుగంతా బూజు. తినడానికీ అమ్మడానికీ దాచుకున్న పువ్వును వాళ్లు పశువుల కుడితిలో పోశారు. నేను బోనకల్ పక్క మిర్చి రైతు కూతుర్ని. ఎండబెట్టిన పంట బస్తాలో చెడిపోతే కడుపు ఎలా మండుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

బస్తా విప్పకుండానే లోపల తడి ఉందో లేదో చెప్పే వస్తువు తెస్తానని ఆ రోజే నోరు జారాను. సంఘంలో పెద్ద ఒక అవ్వ ఉంది. ఆమె దోసెడు పువ్వు తీసుకుని, గట్టిగా పిడికిలి బిగించి, చెయ్యి తెరుస్తుంది. పువ్వులు విడివిడిగా రాలితే ఎండినట్టు, ముద్దగా నిలిస్తే ఎండనట్టు. ఊరంతటికీ ఆ చెయ్యే కొలత. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

“తే, సూస్తం. ఒక్కసారి అబద్ధం చెప్పిందంటే మాత్రం మళ్లా దాన్ని ఈ ఊళ్లెకు తేవద్దు. నువ్వు గూడ రావద్దు.”

ఒప్పుకున్నాను. ఆ ఒక్క మాట నా నెత్తిన కూర్చుంది.

బస్తాల బరువు కింద పట్టీ వంగుతుంది, నలుగుతుంది. వంగినప్పుడు ఇంకు పగిలితే కరెంటు ఆగిపోతుంది. అప్పడాల కర్ర అందుకు. పట్టీని కర్రకు చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. పదిసార్లకోసారి దువ్వెన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కరెంటుకు ఎంత అడ్డు వస్తోందో కొలవడం. మొదట్లో రెండు వేల ఓములు చూపింది. నూరుసార్లు వంచాక ఇంకొంచెం పెరిగింది, అంతే, తెగలేదు. నేను కుర్చీలోంచి లేచి ఖాళీ ల్యాబ్‌లో అటూ ఇటూ నడిచాను. కూర్చుంటే సంతోషం ఆగేలా లేదు. మా ఇంట్లో వారం రోజులు చపాతీలు లేవు.

మా విభాగం పెద్ద సార్ మాత్రం కదలలేదు. మొదట కొట్టించిన అయిదు పట్టీలు ఒకేలా వచ్చినంత మాత్రాన సరిపోదన్నారు.

“ముప్పై కొట్టించు. అందులకెల్లి ఏవైనా పది తీసి నా ముందట కొలువు. పదీ ఒక్కతీరుగ రావాలె. శుక్రవారం సాయంత్రం దాకా టైమిస్తున్న. రాకుంటే మీటర్ ల్యాబ్ దాటదు. వాళ్ల తిండి బస్తాల్ల మనం ప్రాక్టీస్ చేయొద్దు.”

ఆయన చెప్పింది న్యాయం. న్యాయం కాబట్టే నాకు ఒళ్లు మండింది. ఆదివారం ఆ ఊళ్లో బస్తాలు కుడతారు. ఆ రోజు తప్పితే ఇక వానలు పోయేదాకా, అంటే ఆ ఏడాదికి, అవకాశం లేనట్టే.

పట్టీలు అచ్చు వేసేది ఊళ్లోని ఒక చిన్న సందులో పెళ్లికార్డులు కొట్టే బాబాయ్. నాకు చుట్టం కాదు, పిలుపే. చట్రానికి బిగించిన సన్నటి జాలీ మీద ఇంకు పోసి, రబ్బరు బద్దతో ఒక్క లాగు లాగితే కింద షీటు మీద బొమ్మ పడుతుంది. మిషన్లు ఎన్ని వచ్చినా ఆయన చేతి ఒత్తిడిలో ఎక్కడా తేడా రాదు. మొదటి అయిదు పట్టీలూ నేను పక్కన నిలబడి కొట్టించుకుని, తడి ఆరకముందే ల్యాబ్ ఓవెన్‌కు తెచ్చుకున్నాను. ముప్పై కొట్టేనాడు నాకు పరీక్షల డ్యూటీ పడింది. ఆయనే కొట్టి, డాబా మీద ఎండబెట్టి, కట్ట కట్టి బుధవారం కాలేజీకి పంపాడు. నేను వాటిని ఓవెన్‌లో పెట్టి, ఇంకు గట్టిపడేదాకా కాల్చి, గురువారం పొద్దున్నే కొలవడానికి కూర్చున్నాను.

మొదటిది రెండు వేల మూడు వందలు. పరవాలేదనుకున్నాను. రెండోది తొమ్మిది వేలు. మూడోది అసలు అంకే లేదు. నాలుగోది నేను చూస్తుండగానే మూడు వేలు, ఏడు వేలు, మళ్లీ నాలుగు వేలు అంటూ గెంతింది. “నీకేమొచ్చిందే” అన్నాను మీటర్‌ను. బ్యాటరీ మార్చాను. క్లిప్పులు గరుకు కాగితంతో రుద్దాను. ఇంకు సరిగ్గా ఆరలేదేమోనని ముప్పైనీ మళ్లీ ఓవెన్‌లో పెట్టాను. తీసి కొలిస్తే ఇంకా ఘోరం.

నా భయం అంకెలు కుదరలేదని కాదు. కరెంటు సరిగ్గా పోని పట్టీ తడి బస్తాలో ఉన్నా అంకె చూపించదు. అంటే తడిని పొడి అంటుంది. అవ్వ వద్దన్న అబద్ధం సరిగ్గా అదే. ఆమె నమ్మి బస్తా పేర్చుకుంటే అడుగున మళ్లీ బూజు పడుతుంది, ఈసారి నా మూలంగా.

ఆ రోజు క్లిప్పుల నోళ్లకు పచ్చగా ఏదో అంటుకోవడం చూశాను. మధ్యాహ్నం డబ్బాలో టమాటా పప్పు తిన్నాను కదా, చేయి సరిగ్గా కడుక్కోలేదని నన్ను నేను బండబూతులు తిట్టుకున్నాను. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. ల్యాబ్‌లో ఇక ఎవరూ భోజనం డబ్బా విప్పకూడదని తలుపు మీద కాగితం కూడా అంటించాను. పిల్లలు దాన్ని చూసి నవ్వుకున్నారు.

శుక్రవారం పొద్దున ఇంకో పద్ధతి పట్టాను. మామూలుగా అయితే రెండు క్లిప్పులే పట్టీ చివర్లకు పెట్టి కొలుస్తాం. అలా చేస్తే ఇంకు ఎంత అడ్డుపడుతోందో, క్లిప్పు తగిలే చోటు ఎంత అడ్డుపడుతోందో రెండూ కలిసిపోతాయి. అదే నాలుగు తీగలతో చేస్తే ఆ రెండూ విడిపోతాయి. రెండు తీగలు చివర్ల నుంచి కరెంటు పంపుతాయి, మిగతా రెండు సూదుల్లా లోపలి గీతను తాకి, అక్కడ ఏం జరుగుతోందో చెబుతాయి. తగిలే చోటు పేచీ లెక్కలోకి రాదు. నిన్న కాస్తో కూస్తో కరెంటు పోయిన పట్టీలను ఏరి, ఒక్కొక్కటే కొలిచాను. రెండు వేలా నూరు. రెండు వేలా ఎనభై. రెండు వేలా నూట ఇరవై. తొమ్మిది వేలు చూపిన పట్టీ కూడా బుద్ధిగా రెండు వేలా నూరు దగ్గర నిలబడింది.

ఇంకు మంచిదే, బాబాయ్ చెయ్యి మంచిదే. తప్పంతా మూలల్లో ఉంది, క్లిప్పు తగిలే నాలుగు మూలల్లో. క్లిప్పు విప్పి చూస్తే మళ్లీ పచ్చగా ఉంది. ఆ పొద్దున నేను తిన్నది ఇడ్లీ, పల్లీల చట్నీ.

స్పిరిట్‌లో దూది ముంచి ఒక పట్టీ మూలను రుద్దాను. పచ్చగా, కాస్త గోధుమరంగుగా దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే, స్పిరిట్ ఎగిరిపోయాక కూడా మిగిలిన ఆ వాసన మన వంటింట్లోదే. పసుపు. నూనెలో కలిపిన పసుపు. ఓవెన్‌లో కాలి, నల్ల ఇంకులో రంగు కలిసిపోయి, పైన పొరలా కూర్చుంది.

మీటర్, ముప్పై పట్టీలు, స్పిరిట్, దూది సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. దారంతా బాబాయ్‌ని ఏమనాలో మనసులో సిద్ధం చేసుకున్నాను. వెళ్లేసరికి ఆయన ఎవరో పెళ్లివాళ్లకు కార్డు రంగులు చూపిస్తున్నాడు.

“బాబాయ్, పట్టీలకు పసుపు పెట్టావా?”

ఆయన మొహం విప్పారింది. మెచ్చుకోవడానికే వచ్చాననుకున్నాడు.

“అవ్ అమ్మా, ముప్పైటికి పెట్టిన. నాలుగు మూలలకు. ఒక్కటి గూడ ఇడువలే. నూనె కలిపిన, రాలిపోవద్దని.”

“ఎవరు పెట్టమన్నారు?”

“ఎవరన్నా చెప్పాల్నా? ముప్పై ఏండ్ల సంది ఈ షాపుల నల్ల ఇంకు డబ్బ మూత తీయలే. చావు దినం కార్డులొస్తే పక్క షాపుకు పంపిస్త. నువ్వు మంచి పనంటివని కొట్టిన. ఉత్త నలుపు గట్లనే ఎట్ల పంపియ్యాలె? గదీ తిండి బస్తాల్లకు పోయేటిది.”

కోపమూ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందు బయటపెట్టాలో తెలియలేదు. పెళ్లికార్డు నాలుగు మూలలకూ పసుపు అద్దే చెయ్యి అది. నా పట్టీకీ నాలుగు మూలలున్నాయి. ఆయన చెయ్యి ఆగలేదు.

మీటర్ తీసి బల్ల మీద పెట్టాను. పసుపున్న మూలలకు క్లిప్పులు పెట్టి చూపించాను. అంకె రాలేదు. స్పిరిట్‌తో రుద్ది మళ్లీ పెట్టాను. రెండు వేలా నూరు. ఆయన కళ్లజోడు సర్దుకుని వంగాడు.

“అంటే, నేనే ఖరాబ్ చేసిన్నా?”

“పసుపు అడ్డం కూర్చుంది బాబాయ్. ఇలాగే పంపితే తడి బస్తాని పొడి అంటుంది.”

ఆయన నా చేతిలో దూది తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. పెళ్లివాళ్లు గొణిగారు. “జర కూసోండ్రి, లగ్గం ఇంక నెలున్నది” అన్నాడు తల ఎత్తకుండా. నాలుగు పట్టీలు తుడిచి అయిదోదాని దగ్గర ఆగిపోయాడు.

“గిట్ల ఒట్టిగనే పోతయా అమ్మా ఇవి?”

ఆ గొంతు విని కాదనలేకపోయాను. పట్టీని తిప్పి వెనక వైపు చూపించాను. అటు ఒట్టి ప్లాస్టిక్కే, కరెంటుకు దానితో పని లేదు. “ఇటు పెట్టు” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, కార్డు కవరుకు వెనకవైపు కూడా పెడతారు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుని, వెనక నాలుగు మూలలకూ అద్దాడు. పెట్టక ముందు కొలిచాం, పెట్టాక కొలిచాం. అంకె ఇసుమంతైనా కదల్లేదు. మూడో పట్టీ నుంచి క్లిప్పులు ఆయనే పట్టుకున్నాడు. అయిదో పట్టీకల్లా అంకెలు పైకి చదువుతున్నాడు. పెళ్లివాళ్లలో ఒకావిడ కూడా లేచి వచ్చి, తర్వాతి దానికి ఎంతొస్తుందో చెప్పబోయింది. ముప్పై అయ్యేసరికి నా వీపు తడిసిపోయింది, ఆయన నుదుటి మీద ఇంత పసుపు.

నాలుగింటికి సార్ ముందు పది పట్టీలు కొలిచాను. పదీ ఒక్కతీరు. ఆయన ఒకదాన్ని తిప్పి చూశారు.

“ఇదేంది?”

“పసుపు సార్. వెనక పెడితే అడ్డం రాదు. కొలిచే పెట్టాం.”

ఆయన నన్ను చూశారు, పట్టీని చూశారు, మీటర్ బయటికి తీసుకెళ్లే రిజిస్టర్‌లో సంతకం పెట్టారు. సోమవారం తిరిగి తేవాలని పక్కన రాశారు.

శనివారం భద్రాచలం బస్సెక్కి, ఆదివారం పొద్దున్నే ఆటోలో ఊరు చేరాను. సంఘం గది ముందు ఎండిన పువ్వు కుప్పలు పోసి ఉన్నాయి. ఆ తియ్యటి, మత్తు వాసనకు నాకు ఆకలి వేసింది. అవ్వ ఒక పట్టీ తీసుకుని వంచింది, గోటితో గీకింది, వెనక పసుపును చూసి “గిదెవరు పెట్టిన్రు?” అంది. కార్డులు కొట్టే ఆయన అన్నాను. తల ఊపి వెనక్కిచ్చింది.

ఆరు బస్తాలు. ఒక్కోదాంట్లో అడుగుదాకా ఒక పట్టీ నిలబెట్టి, పై కొసలు బయటికి ఉంచి, పువ్వు నింపి, మూతి కుట్టారు. నేను వరసగా క్లిప్పులు పెట్టుకుంటూ వెళ్లాను. అయిదింటికి అంకె రాలేదు. పొడి, పొడి, పొడి అని నేను చెప్పేలోపే ఆడవాళ్లు అందుకుంటున్నారు. ఆరోదాని దగ్గర అంకె వచ్చింది.

“తడి” అన్నాను. ఎవరూ అందుకోలేదు.

అవ్వ కుట్టు సందులో చెయ్యి పెట్టి పువ్వు తీసి, పిడికిలి బిగించి తెరిచింది. పువ్వులు గలగలా రాలాయి. మళ్లీ తీసింది. మళ్లీ రాలాయి. “నాలుగెండలు తిన్నది గిది” అంది నెమ్మదిగా. బస్తాలో వంగి దువ్వెనలు ఒకదాన్నొకటి తాకాయేమో. పట్టీని పైకి లాగి గుడ్డతో తుడిచాను, అంకె పోయింది. సన్నటి వెదురు బద్ద ఆసరాతో మళ్లీ అడుగుదాకా దింపాను, వచ్చింది. మూడుసార్లు అలాగే చేశాను. మూడుసార్లూ అడుగుకు పోయినప్పుడే వచ్చింది.

“బస్తా విప్పుదాం అవ్వా.”

“విప్పినంక పొడిగుంటే?”

“ఇక రాను.”

కుట్టు తెంపి నేల మీద పరిచిన పరదా మీద కుమ్మరించారు. పై పువ్వు పొడి. నడిమి పువ్వు పొడి. చివరికి బస్తా అడుగు పట్టుకుని దులిపితే, రెండు పిడికిళ్లంత ముద్ద ఒకటి పడింది. పడి అలాగే నిలిచింది, విడిపోలేదు. అవ్వ దాన్ని పిడికిట్లో పట్టి తెరిచింది. వేళ్ల అచ్చులు దిగిన ముద్ద అరచేతిలో అలాగే ఉంది. నేను గట్టిగా నవ్వేశాను, కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి.

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని, వాళ్ల కోయ భాషలో ఏదో అనుకుని పగలబడి నవ్వారు. నాకు అర్థం కాలేదు. పక్కనున్న చిన్నామె నా చెవిలో చెప్పింది.

“గా బస్తా అవ్వదే.”

అవ్వ ఒక్కతే నవ్వలేదు. ముద్దను చిదిపి ఎండలో పరిచింది. “మొన్న పొద్దుగాల మంచుల ఏరిన దోసెడు. జల్దిల అడుగున పడ్డట్టుంది” అంది, ఎవరికీ కాకుండా. తర్వాత లేచి చేతులు దులుపుకుని, మీటర్‌ను దాని సంచితో సహా తీసుకుని పక్కనున్న తన ఇంట్లోకి వెళ్లి, దూలానికున్న కొక్కేనికి తగిలించి వచ్చింది.

“అవ్వా, అది కాలేజీది. రేపే ఇవ్వాలి.”

“వానలు పోయినంక వచ్చి తీస్కపో” అంది.

సోమవారం సార్‌కు ఏం చెప్పాలో తెలియలేదు. అయినా వెళ్లి దాన్ని దించుకు రాలేదు. మిగిలిన పట్టీలు కూడా వాళ్ల దగ్గరే వదిలి, ఒట్టి చేతులతో ఆటో దాకా నడుస్తూ బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఇంకో ముప్పై కొట్టమన్నాను. పసుపు వెనకవైపేనని మాత్రం రెండుసార్లు చెప్పాను.